ఎర్రసిరాతో దిద్దిన వంటింటి మాటలు

జపాను భాషలో వంటసామాను పేర్లు నూట ముప్పై రెండు నా నోటుపుస్తకంలో ఉన్నాయి. వరుససంఖ్య, తెలుగు పేరు, జపాను పేరు, విన్న తేదీ అని నాలుగు గడులు గీసి రాసుకున్నాను. కుండకు నాబె, కత్తికి హోచో, కూరగాయలు తరిగే చెక్కకు మనాయిత, అన్నం వడ్డించే హస్తానికి షమోజి. వీటిలో ఒక్క మాటనైనా నేను ఎవరితోనూ పలికి ఎరగను. అక్షరం ముక్క రాని నా తోటికోడలు మాత్రం అవే మాటలతో రెండు నెలలపాటు మా వంటింట్లో ఆ జపాను అమ్మాయిని కడుపుబ్బ నవ్వించింది. ఈ అన్యాయం ఎలా జరిగిందో క్రమం తప్పకుండా రాసిపెట్టాలని ఎన్నోసార్లు అనుకుని, ఇన్నాళ్ళకు కూర్చున్నాను.

అప్పటికి నేను ఆశ్రమ పాఠశాల ఉద్యోగం నుంచి విరమించి రెండేళ్ళయింది. మా ఊరు జూలూరుపాడు దాటి లోపలికి వెళ్తే వస్తుంది. పత్తిచేలు అయిపోయిన చోట అడవి మొదలవుతుంది. ఇంట్లో ఉండేది మేమిద్దరమే, అన్నదమ్ములను చేసుకున్నవాళ్ళం. నా భర్త జ్వరంతో పోయి ఇరవై రెండేళ్ళు. అప్పటికి ఆమె కొత్త కోడలు. తరువాత చాలా ఏళ్ళకు ఆమె భర్త కూడా పోయాడు, కూతురు పెళ్ళయి వేంసూరు వెళ్ళింది. నేను బడికి, ఆమె పొయ్యికి. ఆ ఏర్పాటు ఎవరూ నిర్ణయించకుండానే జరిగిపోయింది. నా పళ్ళెం నా ముందుకు వచ్చేది, నేను తిని లేచేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటిన అయిదారేళ్ళకు, వానలు వెనుకపట్టిన రోజుల్లో ఆ అమ్మాయి వచ్చింది. జపానులో పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఏడాదిపాటు హైదరాబాదులో ఉండి తెలుగు నేర్చుకుంది. అడవి అంచు ఊళ్ళలోని వంటింటి వస్తువులు, వాటి పేర్లు, వాటి చుట్టూ రోజూ అనుకునే మాటలు ఆమె విషయం. వాటిని జపాను మాటల పక్కన పెట్టి పుస్తకం వేస్తుందట. నా పాత శిష్యుడొకడు నా నోటుపుస్తకాల సంగతి చెప్పి ఆమెను పంపాడు. అంటే ఆమె వచ్చింది నా కోసం. ఈ విషయం మొదటే స్పష్టం చేస్తున్నాను.

వచ్చిన రోజున నడుము వంచి నమస్కరించి నన్ను “సెన్సేయ్” అని పిలిచింది. గురువుగారూ అని అర్థం. నా పుస్తకాలు తిరగేసి, “ఇంత క్రమంగా రాసినవారిని నేను చూడలేదు. మీ జాబితాను నా పుస్తకంలో చేర్చవచ్చునా?” అని పుస్తకాల తెలుగులో అడిగింది. ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. నా రాతను ఎవరైనా అచ్చులో వేస్తామనడం అదే మొదటిసారి. ఆ పుస్తకంలో నా జాబితా ఉండాలని, ఆ పిల్ల దృష్టిలో ఈ ఇంటి తరఫున మాట్లాడవలసిన మనిషిని నేనే కావాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

మూడు రోజులు నా బల్ల దగ్గరే కూర్చుంది. నేను తెలుగు పేరు చెప్పేదాన్ని, ఆమె జపాను పేరు చెప్పేది, ఇద్దరం రాసుకునేవాళ్ళం. నాలుగో రోజు మధ్యాహ్నం మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళింది. గంజి వార్చడానికి మా తోటికోడలు అన్నం గిన్నె మీద వెదురు సిబ్బి మూసి వంచుతోంది.

“జరు!” అని ఆ పిల్ల ఒక్క కేక పెట్టింది. వాళ్ళ దేశంలో వెదురుతో అల్లిన వడపోత బుట్ట పేరది.

“జరా? జర ఆగమంటున్నవా బిడ్డా? ఆగితే చెయ్యి కాల్తది” అంది మా తోటికోడలు.

ఆ పిల్ల నేల మీద కూలబడి నవ్వింది. నా బల్ల దగ్గర మూడు రోజుల్లో ఆమె నవ్వడం నేను చూడలేదు. గంట గడిచినా తిరిగి రాలేదు. నా పుస్తకంలో ఆ రోజు గడి ఇప్పటికీ ఖాళీగా ఉంది.

ఆ తరువాత ఆమె చాప వంటింటికే మారింది. మధ్యాహ్నం పళ్ళెం ముందు పెట్టగానే చేతులు జోడించి “ఇతదకిమస్” అనేది. తినే ముందు వాళ్ళు అనే మాట.

“ఎవరికి మొక్కుతున్నవ్?” అని మా తోటికోడలు అడిగింది.

“అన్నానికి. వండినవారికి కూడా.”

“వండినోళ్ళకా! ఇరవై మూడేండ్ల సంది వండుతున్న, ఈ ఇంట్ల ఒక్కలు మొక్కిన్రా?” అని ఆమె నావైపు చూసింది. “అక్కా, ఇన్నవా? మొక్కాలంట.”

నేను అన్నం కలుపుకుంటూ ఉండిపోయాను. ఆ మాటను సాయంత్రం తొంభై ఆరో సంఖ్య కింద, అర్థంతో సహా రాసుకున్నాను. చేతులు మాత్రం జోడించలేదు.

ఇంట్లోంచి బయటికి వెళ్ళేటప్పుడు జపాను వాళ్ళు ‘ఇత్తెకిమస్’ అంటారు. వెళ్ళి వస్తాను అని అర్థం. నేను ఆ మాటను మూడు సార్లు పలికించుకుని, ఒత్తు ఎక్కడుందో నిర్ధారించుకుని రాసుకున్నాను. మా తోటికోడలికి ఒక్కసారి వింటే చాలింది. “గిదేం కొత్త? పోతున్న అనొద్దు, పోయొస్త అనాలె. మనం అనేదే గదా” అని, మర్నాడు చేనికి పోతూ గుమ్మంలో నిలబడి “ఇత్తెకిమస్ బిడ్డో!” అని అరిచింది. లోపలి నుంచి ఆ పిల్ల “ఇత్తెరషై, ఒకాసన్!” అంది. మొదటి మాటకు వెళ్ళి రండి అని అర్థం. రెండో మాటకు అమ్మా అని.

నేను వరండాలో ఉన్నాను. సెన్సేయ్ అనే మాట అప్పటిదాకా నాకు శాలువా కప్పినట్టుండేది. ఆ క్షణాన అది నన్ను గది బయట నిలబెట్టినట్టు అనిపించింది. ఒకరిని అమ్మా అని, మరొకరిని గురువుగారూ అని పిలిస్తే ఎవరు దగ్గరో తెలుసుకోవడానికి జపాను భాష రానక్కరలేదు.

అయినా ఓర్చుకున్నాను. నా జాబితా పుస్తకంలోకి పోతుందన్న ధీమా ఉంది. ఆ ధీమాను ఉప్పు పాడుచేసింది.

ఒక సాయంత్రం దీపం పెట్టాక ఆ పిల్ల చారు కలుపుతూ, “ఉప్పు ఎక్కడ?” అని అడిగింది. మా తోటికోడలు చటుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“దీపం పెట్టినంక ఆ మాట అనొద్దు. బుట్టలోది అను.”

ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. “మా అమ్మమ్మ! మా అమ్మమ్మ కూడా రాత్రి అయితే దాని పేరు చెప్పదు. నమి నొ హన అంటుంది. అలల పువ్వు.”

“అలల పువ్వు! సముద్రంలకెల్లి వస్తది గదా, మరి పువ్వే. మీ అమ్మమ్మ తెలివైంది బిడ్డా.”

ఇద్దరూ చేతులు పట్టుకుని చిన్నపిల్లల్లా ఊగారు. ఎక్కడి జపాను, ఎక్కడి మా వంటిల్లు. ఆ పిల్ల తన నోటుపుస్తకం తీసి అప్పటికప్పుడు రాయడం మొదలుపెట్టింది. ఇలా పేరు దాచే మాటలు ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి. బియ్యం అయిపోతే లేవు అనకూడదు, నిండుకున్నాయి అనాలి. దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలి. చేతి గాజు పగిలితే పెరిగిందనాలి. చీకట్లో పాము కనబడితే పురుగు అనాలి. మా తోటికోడలికి ఒకటి చెబితే మరొకటి గుర్తొచ్చేది. నేను గుమ్మంలో నా పుస్తకం పట్టుకుని నిలబడే ఉన్నాను. నా జాబితాలో ఉప్పు ఎదుట షియొ అని ఉంది. రెండూ సరైన మాటలు. వాటిని నన్నెవరూ అడగలేదు.

వారం తిరిగేసరికి ఆ పిల్ల చెప్పనే చెప్పింది. “సెన్సేయ్, నా పుస్తకం ఇప్పుడు మారింది. పేర్ల జాబితా కాదు, పేర్లు దాచే మాటలు. ఇది ఎవరూ రాయలేదు.” ఆమె ముఖం వెలిగిపోతోంది. నా జాబితా సంగతి ఆమె ఎత్తలేదు. అడగడానికి నాకు నోరు రాలేదు.

తరువాత ఆమె రెండు రోజులు భద్రాచలం చూసి వస్తానని వెళ్ళింది. నోటుపుస్తకం వంటింటి కిటికీలో మరచిపోయింది. మా తోటికోడలు చేనికి వెళ్ళింది. నేను ఆ పుస్తకం తెరిచాను. ఎడమవైపు జపాను రాత, నాకు రాదు. కుడివైపు గుండ్రంగా, రెండో తరగతి పిల్లల అక్షరాల వంటి తెలుగు. ఉప్పు, బుట్టలోది. పాము, పురుగు. పుట తరువాత పుట, మా తోటికోడలి మాటలే.

నేను లోపలికి వెళ్ళి ఎర్రసిరా కలం తెచ్చుకున్నాను.

తప్పులు దిద్దుతున్నానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. చదువుకున్న ఇంట్లో మూఢనమ్మకాలు ఉన్నాయని విదేశంలో అచ్చవడం మర్యాద కాదని కూడా చెప్పుకున్నాను. రెండూ నిజం కావు. ఒళ్ళు మండి దిద్దాను. ఒక్కొక్క మాట మీద అడ్డగీత గీసి, పక్కన అసలు పేరు రాసి, అక్షరదోషాలు కూడా సరిచేసి, పుట అడుగున పొట్టి సంతకం, తేదీ వేశాను. మొత్తం నలభై ఒక్క దిద్దుబాట్లు. బడిలో ఉన్నన్నాళ్ళూ అంత శ్రద్ధగా ఏ పుస్తకమూ దిద్దలేదు.

ఆ పిల్ల తిరిగి వచ్చి పుస్తకం తెరిచి, చాలాసేపు పుటలు తిప్పింది. ఆ తరువాత లేచి నిలబడి నాకు నడుము వంచి, “ధన్యవాదాలు, సెన్సేయ్” అంది. మునుపటికంటే ఎక్కువ వంగింది. కోపం వచ్చినట్టు ఎక్కడా కనిపించలేదు.

ఆ ఎరుపు కంటబడింది మా తోటికోడలికే. పక్కనుంచి తొంగిచూసి, “గిదేంది అక్కా, గింత ఎర్రగ?” అంది.

“తప్పులు దిద్దాను.”

“ఎవరి తప్పులు?”

ఎర్రసిరా అంటే ఏమిటో తెలుసుకోవడానికి చదువు అక్కరలేదు. ఆమె కూతురు పలకలూ పుస్తకాలూ ఈ ఇంట్లోనే దిద్దాను.

“నావేనన్న మాట” అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి వంటింట్లో మాట లేదు. ఆ పిల్ల ఏం అడిగినా ఒకటే జవాబు. “అక్కనడుగు బిడ్డా. సదువుకున్నది. నావి తప్పులు.” బతిమాలినా అంతే, నవ్వించబోయినా అంతే. ఆ పిల్ల తిరుగు ప్రయాణానికి ఇంకా పదకొండు రోజులు ఉన్నాయి. పుస్తకం సగంలో ఉంది.

చివరికి చాప నా బల్ల దగ్గరికి తిరిగి వచ్చింది. నేను కోరుకున్నదదే. కళ్ళద్దాలు తుడుచుకుని, కొత్త పుటలో గడులు గీసి సిద్ధంగా కూర్చున్నాను.

“కొత్త కుండలో మొదటిసారి ఎసరు పెట్టేటప్పుడు ఏమని అంటారు, సెన్సేయ్?”

నాకు తెలియదు.

“పొయ్యిలో నిప్పు ఆర్పేటప్పుడు?”

తెలియదు.

“వడ్డించేటప్పుడు అన్నం చాలకపోతే, అతిథికి తెలియకుండా లోపలివాళ్ళకు ఎలా చెబుతారు?”

ఇరవై మూడేళ్ళు ఆ వంటింటి అన్నం తిన్నాను. చాలని రోజులు ఉన్నాయన్న సంగతే నాకు తెలియదు. మూడు గడుల్లోనూ ‘సమాచారం లేదు’ అని రాశాను. నాలుగో ప్రశ్నకు కోపం వచ్చింది.

“ఇవన్నీ చదువులేనివాళ్ళ భయాలమ్మా. ఒక మాట పలికితే చెడు జరుగుతుందా? ఆమె భయపడి పలకదు, అంతే.”

“అవును” అంది ఆ పిల్ల మెల్లగా. “కానీ ఆమె భయం మీ గురించి కదా. మీ భర్త పోయినప్పటి నుంచి...” నా ముఖం చూసి ఆగిపోయింది. రెండు చేతులతో నోరు మూసుకుంది. “మీకు తెలుసనుకున్నాను.”

ఆ క్షణంలో నాకు కలిగింది దుఃఖం అని రాస్తే బాగుంటుంది. కానీ నా పుస్తకాల్లో అబద్ధం రాయను. కలిగింది అసూయే. రెండు నెలల కిందట వచ్చిన పిల్లకు తెలిసిన సంగతి, ఒకే కప్పు కింద ఇన్నేళ్ళున్న నాకు తెలియదు.

నేరుగా వంటింట్లోకి వెళ్ళాను. ఆమె చేటలో కందులు చెరుగుతోంది.

“ఆ పిల్లకు చెప్పినదేదో నాకెందుకు చెప్పలేదు?”

చేట ఆగింది. ఏ సంగతో అడగకుండానే ఆమెకు తెలిసింది.

“నువ్వు అడిగితివా? ఆ పిల్ల అడిగింది, చెప్పిన.”

“ఇప్పుడు అడుగుతున్నాను.”

చేట కింద పెట్టింది. తరువాత చెప్పింది. “నేను కొత్త కోడల్ని. సుట్టాలొచ్చిండ్రు. దీపం పెట్టినంక తలుపుకాడ నిలబడి, ఉప్పు లేదు అని గట్టిగ అరిసిన. మా అమ్మగారింట్ల గిసొంటి పట్టింపులు లేకుండె. అత్త ఉరికొచ్చి నా నోరు మూసింది. మూడోనాడు బావకు జొరమొచ్చింది. దవాఖానాకు తీస్కపొయ్యేలోపే...” ఆగింది. “అత్త ఏమనలే. ఒక్కసారి నా దిక్కు చూసింది, గంతే. నీకు ఎట్ల చెప్పాలె?”

“అది మలేరియా. దోమ వల్ల వస్తుంది.”

“అవ్, దోమనే. నాకు తెల్వదా? మలేరియా బిళ్ళలు ఊరంత తిరిగి నేను పంచలేదా? తెల్సు అక్కా. తెల్సినా నోరు రాదు.” మళ్ళీ చేట ఎత్తింది. “నీకు చెప్తే ఏమంటవో గది కూడ తెల్సు. మూఢనమ్మకం అంటవ్. ఎర్రగీత గీస్తవ్. గీసినవ్ గదా.”

“ఆ పిల్ల పుస్తకం ఆగిపోయింది. దానితో మాట్లాడు” అన్నాను.

“నావి తప్పులైతే ఎట్ల మాట్లాడాలె? కొట్టేసింది నువ్వు. నువ్వే లేపు.”

ఎర్రసిరా చెరగదు. రుద్దితే కాగితం చిరుగుతుంది. ఆ రాత్రంతా మార్గం ఆలోచించాను. రికార్డులో పొరపాటున కొట్టేసిన పద్దును నిలబెట్టడానికి ఆఫీసుల్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే నీలం సిరా కలం పట్టుకుని, ముగ్గురం వంటింట్లో కూర్చున్నాం. మొదటి అడ్డగీత పక్కన ‘ఈ కొట్టివేత చెల్లదు’ అని రాసి సంతకం పెట్టాను.

“ఏం రాసినవ్? సదువు” అంది మా తోటికోడలు.

చదివాను.

“ఏ మాట మీద రాసినవో గది కూడ సదువు.”

అదీ చదివాను. అలా నలభై ఒక్కసార్లు. పదోదాని దగ్గర ఆమె ఊరుకోలేక, “గది సగమే చెప్పిన బిడ్డా, ఇంకోటుంది” అని మొదలుపెట్టింది. ఆ పిల్ల కలం అందుకుంది. పదిహేనో దానికల్లా ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ఇరవైకల్లా నేనక్కడ ఉన్నానన్న సంగతే మరిచారు. మిగిలిన ఇరవై ఒక్క సంతకాలు ఎవరూ వినకపోయినా పైకి చదువుతూ పూర్తిచేశాను.

ఆమె పుస్తకం పూర్తయింది. వెళ్ళే రోజు నా కాళ్ళకు నమస్కరించి, మా తోటికోడలిని కావిలించుకుని ఏడ్చింది. నాకు దక్కింది మర్యాద. దానిలో లోటు లేదని చెప్పవలసిందే.

నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది. కవరు మీద మా తోటికోడలి పేరు. లోపల రెండు పుటలు, అదే గుండ్రటి తెలుగులో. వాళ్ళ అమ్మమ్మకు మా వంటింటి మాటలన్నీ చెప్పిందట. ఆమె ఇప్పుడు రాత్రిపూట ‘బుట్టలోది’ అంటోందట. పుస్తకం అచ్చుకు వెళ్ళిందట. ఒకాసన్ చేతి పప్పుచారు కలలోకి వస్తోందట. చివర ఒక వాక్యం: సెన్సేయ్ గారికి నా నమస్కారాలు.

చదివి వినిపించక తప్పదు, ఆమెకు చదువు రాదు కదా. ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, “మల్ల సదువు” అంది. మళ్ళీ చదివాను. సాయంత్రం పక్కింటావిడను పిలుచుకొచ్చి, “అక్కా, ఈమెకు కూడ ఇనిపియ్యి” అంది. మూడోసారి చదువుతూ చివరికి వచ్చాక, నాకే తెలియకుండా గొంతు ఆగలేదు. ‘సెన్సేయ్ గారికి నా నమస్కారాలు. వారిని రోజూ తలచుకుంటున్నాను’ అని చదివాను.

పక్కింటావిడ తల ఊపి లేచి వెళ్ళింది. మా తోటికోడలు కదలలేదు. రాయడం రానివాళ్ళు విన్నదాన్ని ఎక్కడా జారనివ్వరని అన్నేళ్ళలో నేను గమనించలేదు.

“ఆఖరి ముచ్చట పొద్దుగాల రెండుసార్లల్ల లేకుండె గదా అక్కా?”

ఉత్తరాన్ని మడతల వెంట మడిచాను. కవరులో పెట్టాను. ఆమె నా చేతిలోంచి కవరు తీసుకుని, కాగితం బయటికి లాగి, సాపుచేసి, మళ్ళీ నా ముందు పెట్టింది.

“ఉంటే ఉండనియ్యి. మల్లొకసారి సదువు. గది కూడ కలిపి సదువు.”